రాక్షసికి రిలీవర్

ఆదివారం పొద్దున, చిట్కుల్‌లో ఒక కిరాయి గది. పాచికలతో, రూళ్ల పుస్తకంతో కథ నడిపే ఆట సాగుతోంది. నడిపించేది మందుల కంపెనీలో పనిచేసే అక్క. రాక్షసి తరఫున ఆడేదీ ఆమే. చెల్లెలు ఉగాది నుంచి ఆడుతూ పెంచుకున్న మాంత్రికురాలికి ఒక్క పాయింటు ప్రాణమే మిగిలింది, రాక్షసి దాచిన మణి ఇంకా చేతికి రాలేదు.

"నా ఆత్మ పెయ్యి ఇడిసి, గోడలకెల్లి రాక్షసి గదిలకు పోయింది. మణి తీస్కుంటున్న."

"ఆత్మకు చేతులుంటయా? రూలు రూలే. ఈడ నీ పెయ్యి ఖాళీగ పడున్నది, సూస్కో."

"మీ కంపెనీల షిఫ్టు దిగేటప్పుడు రిలీవర్ రాకుంటే మిషన్ ఇడిసిపెట్టి పోనిస్తరా అక్కా? పెయ్యికి సుత రిలీవర్ ఉండాలె."

"వచ్చింది గదా. రాక్షసి ఆత్మ నీ పెయ్యిల దూరింది. పరకాయ ప్రవేశం."

అక్క పకపకా నవ్వింది. చెల్లెలు పుస్తకం లాక్కుని, పరకాయ ప్రవేశం పేజీని వేలు పెట్టి చదివింది.

"అయితె ఇప్పుడు రాక్షసి పెయ్యి ఖాళీనే గదా?"

"ఆఁ... ఖాళీనే."

"దానికి రిలీవర్ నేనే. దూరిన. చేతులొచ్చినయ్, మణి తీస్కున్న."

"ఏయ్, ఆగు జెర."

"ఆగుడేంది? ఒక్క పాయింటు పానమున్న పెయ్యిల నువ్వున్నవ్. గుహంత పెయ్యిల నేనున్న. దెబ్బ నాది, పాచికలు ఇటియ్యి."

అక్క పాచికలు ఇస్తూ గొంతు తగ్గించింది.

"జెర సూసి ఆడు చెల్లె. పొద్దుగాల చాయ్ పెట్టిచ్చిన గదా."

చెల్లెలు పాచికలను గుప్పిట్లో గలగలలాడించింది.

"రూలు రూలే అక్కా."