పేరూ తేదీలూ

కెథెడ్రల్ చర్చి గ్రంథాలయంలో, తమ బిషప్ పరిధిలోని చర్చిలనూ సమాధులనూ అజమాయిషీ చేసే ఆర్చ్‌డీకన్ల చరిత్ర రాసిన ఆవిడ ఎదుట ఒక రిటైరైన ఆర్చ్‌డీకన్ ప్రూఫు కాగితాలు పట్టుకుని నిలబడ్డాడు.

“ఏమ్మా, లేచిపోయిన జంటలకు జరిమానాలు వేసిన పాతకాలపు ఆర్చ్‌డీకన్‌కు మూడు పేజీలు, నాకు పేరూ తేదీలేనా?”

“కూర్చోండి అయ్యగారూ.”

“ప్రతి చర్చి కప్పూ ఎక్కి కారుతోందేమో చూసినవాణ్ణి!”

“మా నాన్న సమాధిరాయి మీద ‘మా నాన్న’ అని చెక్కిస్తామంటే ఏమన్నారు?”

“చర్చి ఆవరణలో ముద్దుమాటలు కుదరవన్నాను. అది నిబంధనమ్మా.”

“పేరూ తేదీలూ చాలన్నారు. అమ్మ పోయేదాకా ఆ రాయిని చూసి ఏడ్చింది.”

“ఇప్పుడైనా చెక్కించుకో. నా తర్వాత వచ్చినాయనకు నేనే చెబుతాను.”

“చెప్పండి. చదువుకోవడానికి అమ్మే లేదు.”

“మరి నా సంగతి?”

“పుస్తకం పొద్దున్నే అచ్చుకెళ్లిపోయింది. టీలో చక్కెర వెయ్యమంటారా?”