తెప్ప రాకముందు తీసిన కొట్టు

నా పేరు తామాడ త్రినాథ్, తండ్రి రామూర్తి, వయసు ఇరవై మూడు, నివాసం కంచిలి మండలంలో మా నాన్నగారి జీడితోట. పలాసలో బి.కాం. పాసయ్యాను. వృత్తి అన్నచోట రైటరు గారు ‘నిరుద్యోగి’ అని రాయబోతే ఆపించాను. ఈ రోజు, అనగా 2004 ఫిబ్రవరి 11వ తేదీ బుధవారం, పొద్దున్నుంచి మధ్యాహ్నం దాకా నేను ఉద్యోగస్థుణ్ణి. దోనిపేట ఒడ్డున ఏం జరిగిందని సబ్ ఇన్‌స్పెక్టర్ గారు అడగ్గా నా అంతట నేను చెబుతున్నాను. నా చొక్కా చిరిగింది ఊళ్ళోనే గానీ స్టేషన్లో కాదని కూడా రాసుకోవలసిందిగా మనవి.

ఉద్యోగం ఏమిటంటే, విదేశీ యాత్రికుల్ని ఓడలో తిప్పే కంపెనీ ఒకటి ఈ రోజు దోనిపేటకి ఎదురుగా ఓడ ఆపుతామంది. యాత్రికులు చిన్న పడవలో ఒడ్డుకొచ్చి, ఊరు చూసి, బొండాలు తాగి, జీడిపప్పు కొనుక్కుని వెళ్ళిపోతారు. ఊళ్ళో ఉన్న నాలుగు కొట్లూ ఉదయం పది నుంచి సాయంత్రం నాలుగు దాకా తెరిచి ఉంచే బాధ్యత నాది. అందుకుగాను నా మెడలో ఒక అట్టబిళ్ళ వేశారు. దాని మీద నా ఫోటో ఉంది. ఫోటోలో నేను నవ్వుతున్నాను.

సుమ్మాదేవి స్టేషన్లో రైలు దిగి, ఆటో పట్టుకుని తొమ్మిది గంటలకి దోనిపేట చేరాను. నాలుగు కొట్లూ మూసి ఉన్నాయి. తెప్పలు ఒడ్డుకి చేరగానే అక్కడ కొట్లు తీస్తారని నాకు తెలుసు. తెప్పలు ఒడ్డునే పడుకుని ఉన్నాయి. మరి కొట్లు ఎందుకు తీయలేదో అర్థం కాలేదు. సముద్రం వైపు మొదటి కొట్టు కళావతి గారిది. ఆవిడ అరుగు మీద కూర్చుని సముద్రంకేసి చూస్తున్నారు.

“అక్కా, కొట్టు తియ్యవేంటి? ఓడొచ్చేస్తోంది” అన్నాను.

“మాయాయన తెప్ప రాలేదు బాబూ. వొచ్చీదాకా తియ్యం.”

“ఆయనొచ్చేదాకా గల్లాపెట్టె దగ్గర నేను కూర్చుంటానక్కా. బి.కాం. చదివాను.”

“ఏటి కూకుంతావు? సెప్పీది ఇనబడ్డాదా నేదా?”

“ఓడ కూడా పెద్ద తెప్పే కదక్కా. అదొస్తోందిగా!”

ఆ మాట అన్నాను. రాసుకోండి. ఆవిడ లేచి ఒడ్డుకి వెళ్ళిపోయారు.

మా తోటల వైపు ఇంటాయన సంతకెళితే కొట్టు మూస్తారు. ఇక్కడా అంతే అనుకున్నాను. ఆవిడ భర్త పోలారావు సోమవారం సాయంత్రం ఒక్కడే వేటకెళ్ళాడని, మంగళవారం తెల్లారేసరికి రావలసినవాడు ఇంకా రాలేదని ఆవిడ చెప్పలేదు. నేనూ అడగలేదు.

పది దాటింది. ఓడ లేదు. పదకొండుకి దూరంగా తెల్లగా ఏదో కనిపించింది. నాకు కంగారు పుట్టింది. కళావతి గారి కొట్టుకి తాళం లేదు. గాడిలో నిలబెట్టిన చెక్క పలకలు, వాటి వెనక ఒక ఇనప కమ్మీ. సందులో చెయ్యి పెట్టి కమ్మీ తప్పించాను. పలకలు ఒక్కొక్కటే తీసి గోడకి ఆనించాను. బిస్కెట్ పొట్లాల దండ ముందుకి వేలాడదీశాను. అట్ట మీద ఇంగ్లీషులో ‘ఓపెన్’ అని రాసి కట్టాను. రేడియో పెట్టాను. దొంగతనం చేశానని ఎవరైనా చెబితే అబద్ధం. ఒక నిమ్మతొన బిళ్ళ తిన్నాను, దాని తాలూకు అర్ధరూపాయి గల్లాపెట్టెలోనే వేశాను.

ఒడ్డు నుంచి వస్తున్న ఆడవాళ్ళు కొట్టు చూసి ఆగిపోయారు. “రండి రండి” అన్నాను. ఒకామె నెత్తిమీది తట్ట కింద పడేసింది. “ఓలమ్మో, పోలా!” అని ఏడుపు ఎత్తుకుంది. పక్కామె అందుకుంది. వీధి వీధంతా అందుకుంది. నాకు బుర్ర పనిచెయ్యలేదు. కొట్టు తీస్తే ఏడవడం నేనెక్కడా చూడలేదు. రేడియో మోగుతూనే ఉంది. ఎలా ఆపాలో మర్చిపోయాను.

కళావతి గారు పరిగెత్తుకొచ్చారు. నన్ను చూడలేదు. కొట్టునే చూశారు. చూసి ఇసకలో కూలబడ్డారు. ఇద్దరు ఆడవాళ్ళు ఆవిడ గాజుల చేతులు పట్టుకున్నారు.

అప్పుడు కొట్టు వెనక గదిలోంచి పోలారావు తల్లి కామేశ్వరమ్మ గారు వచ్చారు. రెండు రాత్రులు మేలుకున్న ఆవిడకి అప్పుడే కునుకు పట్టిందట. గోడకి ఆనించిన పలకల్ని చేత్తో తడిమారు. బియ్యం కొనేటప్పుడు చూస్తారే, అలా తడిమారు. తడిమి, నా కాళ్ళ దగ్గర పడిపోయారు.

ఊరిపెద్ద సన్యాసి గారు నా చొక్కా పట్టుకున్నారు. చిరిగింది అప్పుడే.

“కబురెవుడు తెచ్చేడురా?”

“ఏం కబురు పెద్దయ్యా? నేను కొట్టు తీశాను. అంతే.”

“నువ్వా తీసేవు? కబురేటీ నేకండానా?”

“నేను కొట్టు తీశాను. అంతే.”

ఏడుపు ఒక్కసారి ఆగిపోయింది. సన్యాసి గారు నా చెవి దగ్గరకొచ్చి, మెల్లగా, స్కూల్లో పాఠం చెప్పినట్టు చెప్పారు. “ఓరి గుంటడా. ఒక్క తెప్ప రాకపోయినా ఈ ఊర్లో ఏ కొట్టూ తియ్యం. తీసేమంతే ఆడి మీద ఆశొదిలీసినట్టు. శవం దొరికినాకో, పెద్దలు కూకుని ఇంక రాడనుకున్నాకో తీత్తాం. నువ్వు పాటెట్టి మరీ తీసినావు.”

కామేశ్వరమ్మ గారిని ఆటోలో పలాస ఆసుపత్రికి పంపారు. నన్ను ఒక తెప్పకి కట్టారు. కట్టింది సబబే గనక దాని మీద నాకు ఫిర్యాదు లేదు.

పన్నెండున్నర దాటాక ఓడ తాలూకు చిన్న పడవ వచ్చింది. అందులో తెల్లవాళ్ళు, మెడల్లో కెమెరాలు. వాళ్ళ మధ్య ఓడ కంపెనీ టోపీ, ఓడ కంపెనీ బనీను వేసుకుని, చేతిలో సగం తిన్న యాపిల్ పండుతో పోలారావు. తెడ్డు విరిగి కొట్టుకుపోతుంటే పొద్దున్న ఓడవాళ్ళు చూసి ఎక్కించుకున్నారట. ఓడ ఆలస్యం అందుకే.

కళావతి గారు చీరతోనే నీళ్ళలోకి నడిచారు. మొగుణ్ణి రెండు చేతులా కొట్టారు. “సచ్చినోడా! సచ్చినోడా!” అంటూ కొట్టారు. ఊరంతా నవ్వింది, ఏడ్చింది. తెల్లావిడ ఒకామె చప్పట్లు కొట్టింది. నేను కట్టేసి ఉన్నాను గనక కొట్టలేదు.

“అమ్మేది?” అన్నాడు పోలారావు.

అందరూ నాకేసి చూశారు.

కానిస్టేబుల్ గారొచ్చి కట్లు విప్పి నన్నిక్కడికి తెచ్చారు. నేనింతవరకు చెప్పి ఆపగా, సాయంత్రం అయిదు దాటాక పోలారావు ఆసుపత్రి నుంచి తిన్నగా స్టేషన్‌కి వచ్చాడు. టోపీ ఇంకా నెత్తిమీదే ఉంది. కంప్లయింటు ఇస్తావా అని సబ్ ఇన్‌స్పెక్టర్ గారు అడిగారు. అతను చెప్పింది నా ఎదురుగానే చెప్పాడు. అది కూడా రాయమన్నాను.

“మాయమ్మకి తెలివొచ్చింది బాబూ. నన్ను సూసింది. సూసి, ‘నువ్వూ వొచ్చీసినావా నాయినా’ అన్నాది. ‘బతికే ఉన్నానే అమ్మా’ అంతే నవ్వుతంది. ‘కొట్టు తీసీసినారు గదరా, ఈ సేత్తో ముట్టి సూసేను, నువ్వూ పోయేవు, నానూ పోయేను’ అంతంది. నీల్లు ముట్టదు. ‘ఇక్కడ దాహమేటిరా’ అంతంది. డాక్టరు సూదెయ్యబోతే సెయ్యి లాగీసుకుంతంది. కళావతి సెప్పినా నమ్మదు. సన్యాసి మావ సెప్పినా నమ్మదు. ‘ఈలంతా నిన్నొదిలి ఉండనేక సచ్చి వొచ్చినోల్లే’ అంతంది. గుండె నీరసంగా ఉంది, తెల్లారీలోగా ఏదోటి లోపలికి పోవాల అన్నారు డాక్టరు. తీసినోడే వొచ్చి సెప్పాల బాబూ. కేసు రేపు రాసుకుందురు. ఈ గుంటణ్ణి నాకియ్యండి.”

సబ్ ఇన్‌స్పెక్టర్ గారు నాకేసి చూశారు. నేను లేచి నిలబడ్డాను.

రైటరు గారు మొత్తం చదివి వినిపించారు. నేను చెప్పినట్టే ఉంది, కలిపింది లేదు, దాచింది లేదు. ఇదే వాంగ్మూలం ఇంకో అరగంటలో పలాసలో కామేశ్వరమ్మ గారి కుడిచెవిలో గట్టిగా ఇవ్వాలి. ఎడమచెవి వినబడదట. ఓడ సంగతి, బి.కాం. సంగతి అక్కడ చెప్పను. నేను తీశానమ్మా, నాకు ఏ కబురూ రాలేదమ్మా, తెలీక తీశానమ్మా. అంతే. ఆవిడ నన్ను కూడా చచ్చినవాణ్ణే అనుకుంటే తరవాత ఏం చెప్పాలో నాకు తెలియదు. సబ్ ఇన్‌స్పెక్టర్ గారినడిగాను. ఆయన ఆటో పిలవమన్నారు.

బయట ఆటో స్టార్టు చేశారు. సంతకం ఇక్కడేనా?

(సం.) తామాడ త్రినాథ్