ముందున్నదాన్ని పట్టుకోవాలంటే బ్రేకు

“నేను పెద్దగా చేసిందేమీ లేదు ఆంటీ. ఒక లెక్క అడిగినారు. చెప్పినాను. అంతే.”

సెల్విన్ టీ గ్లాసు బల్ల మీద పెట్టి, చావు కబురు మోసుకొచ్చినవాడిలా తల దించుకున్నాడు. పెద్ద సంగతి మొదలుపెట్టే ముందు అతని పద్ధతి అది.

కేజీఎఫ్‌లో మారికుప్పం స్టేషన్ బయట జెసింతా టీ అంగడి. కోలారు అవతల నరసాపురంలో ఉన్న స్కూటర్ల ఫ్యాక్టరీకి రెండో షిఫ్టు వాళ్ళను తీసుకుపోయే బస్సు అక్కడే ఆగుతుంది. సెల్విన్, జెసింతా కూతురు ప్రిన్సీ ఇద్దరూ ఆ బస్సే ఎక్కుతారు. రెండేళ్ళుగా ఆ బస్సులోనే, ఫోన్లు చూసుకుంటూ, ఉపగ్రహాలు ఎట్లా తిరుగుతాయో, వాటి దారి ఎట్లా మార్చాలో నేర్చుకున్నారు. నేర్చుకున్నారు అనడం కంటే, సెల్విన్ నేర్చుకుని బస్సంతా వినబడేలా చెప్పాడు, ప్రిన్సీ విన్నది అనాలి. పోయిన వారం బెంగళూరులో చిన్న ఉపగ్రహాలు తయారుచేసే ఒక కంపెనీ ఇద్దరినీ ఇంటర్వ్యూకు పిలిచింది. ఉన్నది ఒకటే ఉద్యోగం. అది కేజీఎఫ్ మనిషికే ఇచ్చారని, ఆ కంపెనీ ఉన్న వీధిలోనే పనిచేసే డెన్నిస్ తాత మనవడు పొద్దున ఫోన్ చేసి చెప్పాడు.

ఎవరికి అని ఎవరూ అడగలేదు. సెల్విన్ రాగానే జెసింతా వేడి బోండాల ప్లేటు అతని ముందు పెట్టింది.

“నువ్వు మగపిల్లోడివి, రోజూ పోయొస్తావు,” అన్నది. “మా ప్రిన్సీకి వచ్చుంటే నేను పంపను. తెల్లారకముందే రైలు, దీపాలు పెట్టినాక రాక. ఎవురు కాపలా?”

సెల్విన్ నోరు తెరిచాడు. గ్లాసులు కడుగుతున్న ప్రిన్సీ తల ఎత్తింది. సెల్విన్ నోరు మూసి, బోండా తీసుకున్నాడు.

“ఆ లెక్క ఏందప్పా?” అని అడిగాడు డెన్నిస్ తాత. బంగారు గని నడిచిన రోజుల్లో మనుషుల్ని షాఫ్టులోకి దించే కేజ్ నడిపిన మనిషి ఆయన.

“ఆకాశంలో ఒక ఉపగ్రహం పోతా ఉండాది తాతా. దాని వెనకాలే, అదే దారిలో మనది పోతా ఉండాది. ముందున్నదాన్ని మనది పట్టుకోవాల. ఏం చేస్తావు అన్నారు. ముగ్గురు కూర్చోని ఉండారు, ముగ్గురికీ కండ్లద్దాలు. నేను ఒకటే మాట చెప్పినాను. బ్రేకు.”

బెంచీ చివర మునిశామప్ప నవ్వాడు. బూదికోట నుంచి టమాటాలు తెచ్చి అమ్మే మనిషి, ఖాళీ బుట్టలు పక్కన పెట్టుకుని కూర్చున్నాడు.

“ముందుపోయేదాన్ని పట్టుకోవాలంటే బ్రేకా? ఫ్యాక్టరీలో యాక్సిలరేటర్ వైరు బిగించేవానివి, నీకు బ్రేకు సంగతి ఎవురు చెప్పినారప్పా?”

“నవ్వు మామా. వాళ్ళూ నీ మాదిరే నవ్వినారు. ఆకాశంలో వేగం పెంచితే ఏమైతాది? పైకి లేస్తాది. పైకి పోతే దారి పెద్దది, నడక నిదానం, ఇంగా వెనకబడిపోతావు. బ్రేకు ఏస్తే కిందికి జారతావు. కింద దారి చిన్నది, భూమి లాగుడు ఎక్కువ, పరుగు ఎక్కువ. ముందున్నదాని కిందుగా పోయి దాన్ని అందుకోని, సరైన చోట మళ్ళా పైకి లేస్తే, రెండూ పక్కపక్కన ఉంటాయి.”

“కిందికి పోయేది ఎప్పుడూ తొందరగానే పోతాది,” అన్నాడు డెన్నిస్ తాత. “పైకి తెచ్చేదే కష్టం.”

“సరిగ్గా చెప్పినావు తాతా. ఆ తర్వాత ఏమైందో తెలుసా? నా మాట ఇంగా గాలిలో ఉండంగానే తలుపు తోసుకోని ఒకాయన వచ్చినాడు. చొక్కా తడిసిపోయి ఉండాది. సార్, నిజంగానే మనది ఒకటి వెనకబడిపోయింది, నూనె చెంచాడు ఉండాది, ఏం చెయ్యాల అన్నాడు. ముగ్గురూ ఒకరి మొకం ఒకరు చూసుకోని, లేచి, నన్ను ముందు పెట్టుకోని నడిచినారు. లోపల దీపాలన్నీ ఎర్రగా ఉండాయి. యజమాని మూలన మోకాళ్ళ మీద కూర్చోని ప్రార్థన చేస్తా ఉండాడు. నేను లెయ్యి సార్ అన్నాను. నోటి లెక్క ఏసి, సెకనుకు నలభై ఏడు మీటర్లు తగ్గించండి అన్నాను. కంప్యూటరు చాలాసేపు ఆలోచించి అదీ నలభై ఏడే అన్నది. పాపం దాని తప్పేం లేదు, అది కొత్తది.”

“రెండూ కలిసినాయా?”

“కలిసినాయి. ఆంటీ గ్లాసు మీద గ్లాసు పెడితే వచ్చేంత సద్దు కూడా రాలేదు.”

“ఆకాశంలో సద్దు యాడిది?” అన్నాడు మునిశామప్ప.

“అందుకే రాలేదు మామా.”

మునిశామప్ప కాసేపు ఆలోచించి, టీ తాగాడు.

“అది కాదు అసలు సంగతి. నేను చెయ్యి కడుక్కుంటా ఉంటే ఫోను. వేరే దేశమోళ్ళు. చంద్రుని కాడికి పంపినది దారి తప్పింది, మీ దగ్గర ఎవురో ఉండారంట గదా అని. ఆయమ్మ గొంతు వణుకుతా ఉండాది. నేను సుమ్నే, ఊరికే ఒక మాట చెప్పినాను. నూనె కాల్చొద్దమ్మా, చంద్రుని వెనకగా పోనివ్వండి, ఆయనే లాగి విసిరేస్తాడు అని. పోనిచ్చినారు. విసిరేసినాడు. అంత బరువును విసిరినందుకు చంద్రుడు స్వల్ప వెనక్కి జరిగినాడు. ఆ లెక్క ఎవురికీ తెలీలేదు. నేనే చూసి, అది తిరిగొచ్చేటప్పుడు అవతలి పక్క నుంచి పోనిచ్చి, ఆయన్ను యాడుండేవాడో ఆడ పెట్టించినాను. మొన్న పున్నమి సరిగ్గానే వచ్చింది గదా?”

“వచ్చింది,” అని ఒప్పుకున్నాడు మునిశామప్ప. కోర్టులో సాక్ష్యం ఇచ్చినట్టు చెప్పాడు.

“మరి వాళ్ళు నీకేమన్నా ఇచ్చినారా అప్పా?” అని అడిగింది జెసింతా.

“నీకేం కావాల అని అడిగినారు ఆంటీ. నాకేమీ వద్దన్నాను. గని మూసినాక మా ఊరిని చూసేవాళ్ళు లేరు, మాకోసం పైన ఒకటి పెట్టండి, అది చూస్తా ఉంటాది అన్నాను. సరే నువ్వే పెట్టు అన్నారు. పెట్టినాను. ఈ అంగడికి నేరుగా పైన, ముప్పై ఆరు వేల కిలోమీటర్ల ఎత్తులో. భూమి తిరిగినంత వేగంగా తిరుగుతాది కాబట్టి మనకు కదలదు. మేకు కొట్టినట్లు నిలబడి ఉండాది. ఇప్పుడు గూడా.”

ముగ్గురూ పైకి చూశారు. గని మట్టి పోసిన సైనైడ్ దిబ్బ మీదుగా ఒక గద్ద తిరుగుతున్నది. ఇంకేమీ లేదు.

“నిలవదు,” అన్నది ప్రిన్సీ.

గ్లాసులు కడగడం ఆపలేదు. ఆ మాట మెల్లగానే అన్నది.

“యాల నిలవదు?” అన్నాడు సెల్విన్.

“భూమధ్యరేఖ మీద తప్ప యాడా అట్లా నిలవదు. మనం దానికి పదమూడు డిగ్రీలు ఉత్తరాన ఉండాము. ఏ ఉపగ్రహమైనా భూమి నట్టనడుమ ఉండే కేంద్రం చుట్టూనే తిరగాల. ఈడ పైకి వస్తే, సగం దినం తర్వాత అంతే దూరం దక్షిణానికి పోతాది. ఊయల మాదిరి ఊగుతానే ఉంటాది. కోలారు దాటినాక బస్సు చెడిపోయి నిలబడింది చూడు, ఆ పొద్దు నువ్వే చెప్పినావు. టిఫిను డబ్బా మూత తిప్పి చూపించినావు.”

జెసింతా స్టవ్ తగ్గించింది. కూతురు ఇన్ని మాటలు ఒకేసారి మాట్లాడగా ఆమె ఎన్నడూ వినలేదు.

“పొద్దున నీకు ఇంగ్లీషులో ఫోను వచ్చింది,” అన్నది. “ఫ్యాక్టరీ వాళ్ళన్నావు.”

ప్రిన్సీ ఇంకో గ్లాసు నీళ్ళలో ముంచింది.

జెసింతా సెల్విన్ వైపు తిరిగింది. “అప్పా సెల్వినూ. నాకు ఆకాశం సంగతి తెలీదు. ఫ్యాక్టరీ సంగతి అడుగుతాను. నువ్వు యాక్సిలరేటర్ వైరు బిగిస్తావు. బ్రేకు బిగించేది ఎవురు?”

సెల్విన్ బోండా ప్లేటు వైపు చూశాడు. ఒకటే మిగిలి ఉంది.

“ప్రిన్సీ,” అన్నాడు.

“ఆడ బ్రేకు అని చెప్పింది ఎవురు?”

“ప్రిన్సీనే.”

“మరి నువ్వేం చెప్పినావు?”

బల్ల మీదున్న సెల్విన్ కుడి చెయ్యి, స్కూటరు హ్యాండిల్ పట్టుకున్నట్టు పిడికిలి బిగించి, తనకు తెలియకుండానే, కొంచెం వెనక్కి తిరిగింది. ఆ తిప్పడం ఏమిటో మునిశామప్పకు తెలిసింది. ఈసారి ఆయన నవ్వలేదు.

“తెలుసమ్మా వీనికి,” అన్నది ప్రిన్సీ. “నాకంటే బాగా తెలుసు. ముగ్గురు ముందర కూర్చోంగానే చెయ్యి ముందు చెప్పేసింది. ఉద్యోగం నాకొచ్చిందని పొద్దున్నే వీనికి చెప్పినాను. నువ్వు పంపవని నాకు భయం. ‘ఆంటీకి నేను చెప్తాను, నా మాట వింటాది’ అన్నాడు. అందుకే వచ్చినాడు.”

“వచ్చి ఇదా చెప్పింది?”

“బోండాలు పెట్టినావు గదా ఆంటీ,” అన్నాడు సెల్విన్.

సందు మలుపులో బస్సు హారన్ వినిపించింది. సెల్విన్ లేచి, బ్యాగు భుజానికి తగిలించుకున్నాడు. తల మాత్రం ఈసారి దించుకోలేదు.

“ఒక మాట చెప్పి పోతాను. ఆడ బ్రేకు అని చెప్పింది ప్రిన్సీ. ప్రిన్సీకి చెప్పింది నేను.”

జెసింతా కూతురి ముఖం చూసింది. “ఇదీ కోతేనా?”

“కాదమ్మా. ఇది నిజం.”

బస్సు వచ్చి ఆగింది. ప్రిన్సీ చేతులు తుడుచుకుని, మిగిలిన బోండా కాగితంలో చుట్టుకుని ముందు ఎక్కింది. సెల్విన్ మెట్టు మీద కాలు పెట్టాడు.

“మరి మా నెత్తిన పెట్టిందాన్ని ఏం చేస్తావప్పా?” అని అడిగాడు మునిశామప్ప.

సెల్విన్ గంభీరంగా పైకి చూశాడు. “పదమూడు డిగ్రీలు దక్షిణానికి జరపాల మామా. షిఫ్టు నుంచి వచ్చినాక చూస్తాను.”

బస్సు కదిలింది. వెనక సీటు కిటికీలో ప్రిన్సీ చెయ్యి టిఫిను డబ్బా మూత పట్టుకుని ఏదో చూపిస్తున్నది. సెల్విన్ వింటున్నాడు.

జెసింతా ఖాళీ ప్లేటు తీసి, నీళ్ళలో ముంచి, చాలాసేపు తోమింది.

“తాతా, బెంగళూరుకు మొదటి రైలు ఎన్నింటికి?”

“చీకట్లోనే పోతాదమ్మా.”

“అయితే వచ్చే నెల నుంచి అంగడి ఇంగా ముందుగా తెరవాల,” అన్నది.