లేని కణాన్ని లేదని చెప్పిన ఒడీల్ మెర్మియే గారు

1992 మార్చి 2వ తేదీన జెనీవా శివారులోని మా కణభౌతిక పరిశోధనాలయంలో, గణన విభాగ సహాయకురాలిగా శ్రీమతి ఒడీల్ మెర్మియే గారు బాధ్యతలు స్వీకరించారు. దశాబ్దం తిరిగాక పైథాన్ అనే కంప్యూటరు భాష నేర్వవలసి వచ్చినప్పుడు, వరుస మొదట్లో వదిలిన ఖాళీకి కూడా అర్థముంటుందని విని నివ్వెరపోయారు.

"రాయనిదాన్ని కూడా చదవాలా? నన్ను ఆటపట్టిస్తున్నారా?" అని అడిగారట.

అయినా పట్టు విడువక, కోట్లాది కణాల తాకిడుల సమాచారాన్ని వడపోసి, పట్టికలుగా అమర్చి, రేఖాపటాలు గీసే పనిముట్లను ఆ భాషలోనే నిర్మించి, విభాగమంతటికీ ఆధారమయ్యారు.

2014 వసంతంలో మా బృందనాయకులు రేతో త్సుమ్‌స్టైన్ గారి రేఖాపటంలో, ఎవరూ ఊహించని చోట ఒక శిఖరం లేచింది. కొత్త కణమేమోనని అందరూ సంబరపడ్డారు. అంతర్జాతీయ సదస్సుకు నాలుగే రోజులు. ఒడీల్ గారు మాత్రం ఆనందించాలో అనుమానించాలో తెలియని అయోమయంలో పడ్డారు. అదే లెక్కను రేతో గారి కంప్యూటరులో నడిపితే శిఖరం ఉంది, తన కంప్యూటరులో లేదు. రెండు రోజులు ప్రతి వరుసా చదివారు. చదివినకొద్దీ ముడి బిగిసిందే కాని విడలేదు.

"నీ కంప్యూటరు ముసలిదైపోయింది ఒడీల్, కొత్తది ఇప్పిస్తాలే," అన్నారు రేతో గారు.

"ముసలిదైనా పడుచుదైనా ఒకే మాట చెప్పాలి కదయ్యా! నాకే అర్థం కానిదాన్ని నువ్వు సదస్సులో ఏమని చెబుతావు?"

మూడవనాడు తెలిసింది. నెల కిందట ఆమె స్వయంగా సవరించిన పనిముట్టు, కణాల శక్తులను పెద్ద నుంచి చిన్నకు పేర్చి, దిశలను మాత్రం పాత వరుసలోనే వదిలేసింది. ఒకరి చెప్పులు మరొకరి కాళ్లకు తొడిగినట్టు, ఒక కణం శక్తికి వేరొక కణం దిశ జతపడింది. తన కంప్యూటరులో పాత పనిముట్టే ఉండిపోయింది.

"శిఖరం ప్రకృతిది కాదు, నాది," అన్నారామె నిండు సమావేశంలో.

"గుట్టుగా దిద్దేయొచ్చుగా?" అన్నారు రేతో గారు.

"దిద్దితే శిఖరం మాయమవుతుంది. ఎందుకు మాయమైందో తెలియక నువ్వు ఏళ్లపాటు వెతుక్కుంటావు."

సదస్సులో రేతో గారి ప్రసంగం రద్దయింది. నాటినుంచి ఏ మార్పునైనా, ఫలితం తెలిసిన పాత సమాచారంపై పరీక్షించాకే అందరికీ పంచాలన్న నియమాన్ని ఆమె నెలకొల్పారు. ఆ పరీక్షకు చిక్కిన మొదటి తప్పు రేతో గారిదే కావడం విశేషం.

ఈ నెలాఖరున పదవీ విరమణ చేస్తున్న ఒడీల్ గారు మొన్న కాఫీ గదిలో, "సోమవారం లేచి ఏం చేయాలో తోచడం లేదు," అన్నారు. ఆమెకు సంపూర్ణ ఆరోగ్యమూ, సుదీర్ఘ ఆయుష్షూ, భర్త మార్సెల్ గారితో నిశ్చింతమైన రోజులూ లభించాలనీ, ఇకపై సోమవారాలన్నీ పూర్తిగా ఆమెవే కావాలనీ మనసారా ఆకాంక్షిస్తున్నాము.