రెండోసారి చెప్పే గ్రాత్సియే

అధ్యక్షులు శేషాచలం గారికి, దండ బరువుకి మెడ వంచుకుని ఇబ్బందిగా కూర్చున్న మా ద్వారకానాథ్ అంకుల్‌కి, శారదాంబ ఆంటీకి, మన మాసన్ లేక్స్ తెలుగు పెద్దలకు, యూనివర్సిటీ మిత్రులకు నమస్కారం, సలాం. నా పేరు తస్నీమ్. అంకుల్ ఇవాళ రిటైరవుతున్నది వృద్ధుల హోమ్ నుంచి, నేను అక్కడే పార్ట్‌టైమ్ చేస్తున్న స్టూడెంట్‌ని. వెంకీ అన్నా, గోడకి ఆనుకుని నిలబడ్డావేం, అంకుల్ పక్కన కుర్చీ ఖాళీయే కదా... అంకుల్ చెయ్యి అడ్డం పెట్టేస్తున్నారు. సరే అన్నా, నిలబడే విను. (నవ్వులు)

మా హోమ్‌లో ఎక్కువమంది వయసులో ఉండగా ఇటలీ నుంచి ఈ దేశానికి వచ్చినవాళ్లు. ముసలితనం వాళ్ల ఇంగ్లిష్‌ని తీసేసుకుని ఇటాలియన్‌ని మాత్రం వదిలిపెట్టింది. చేరిన కొత్తలో నేను ఇంగ్లిష్‌లో పలకరిస్తే గోడవైపు తిరిగిపోయేవారు. అంకుల్ నన్ను వరండాలోకి పిలిచి, "పెయిన్ ఉందా, టాబ్లెట్ వేసుకున్నారా అంటే ఎవరు మాట్లాడతారమ్మా? అడ్వైస్ అడుగు. వాళ్ల భాషలో, మర్యాదగా" అని ఈ వాక్యం నేర్పారు. "స్కూజి సిన్యోరా, ఆవ్రెయ్ బిజోన్యో ది ఉన్ కొన్సీల్యో." క్షమించండమ్మా, మీ సలహా ఒకటి కావలసి ఉంది అని. ఆ వాక్యం మీద ప్రేమ పుట్టి, యూనికి వెళ్లే బస్సులో కూడా గొణుక్కునేదాన్ని. టమాటా పులుసు ఎలా చిక్కబడుతుందని అంకుల్ అడిగితే, నెలల తరబడి నోరు విప్పనివాళ్లు లేచి కూర్చుని ఆయన్ని తిట్టేవారు. ఆంటీ, ఇంట్లో వంటేమైనా బాగుపడిందా? లేదట. (నవ్వులు)

అడిగాక ఆగాలి. జవాబు వచ్చాక గ్రాత్సియే అని కృతజ్ఞత చెప్పాలి. అంకుల్ రెండుసార్లు చెప్పేవారు. ఒకటి మంచం వైపు, ఒకటి కిటికీ దగ్గరి ఖాళీ కుర్చీ వైపు. అతి మర్యాద అనుకుని నవ్వుకునేదాన్ని.

ఇనెస్ గారని, ఒకప్పుడు కుట్టుపని చేసిన ఆవిడ ఉండేవారు. చెంచాతో తినిపించేటప్పుడు నా చెయ్యి వణికేది. ఒకరోజు, గదిలో ఎవరూ లేనప్పుడు, ఆవిడ చెవి దగ్గర వంగి అడిగాను, ఈ వణుకు పోవాలంటే ఏం చెయ్యాలని. ఆవిడ కళ్లు తెరవలేదు. ఆ వారమే పోయారు. నేను అడిగిన సంగతి ఎవరికీ చెప్పలేదు.

తర్వాత అవతలి బ్లాకులో డ్యూటీ పడింది. అక్కడి జెమ్మా గారు మంచం దిగలేరు, ఇనెస్ గారిని చూసి ఎరగరు. నేను చెంచా ఎత్తగానే నా మణికట్టు పట్టుకుని దిండుకి ఆనించారు. "ఇలా పెట్టుకో, వణకదు. ఇనెస్ చెప్పమంది" అన్నారు ఇటాలియన్‌లో, నా భుజం మీదుగా వెనక్కి చూస్తూ. నా వెనక కిటికీ, కుర్చీ ఉన్నాయి.

చెయ్యి వణకలేదండీ. మళ్లీ ఎప్పుడూ వణకలేదు.

పరుగున వెళ్లి చెప్పాను. అంకుల్ దుప్పట్లు మడత పెడుతున్నారు. "మరి గ్రాత్సియే చెప్పావా?"

"ఎవరికి అంకుల్?"

"ఇద్దరికీనూ" అని ఇంకో దుప్పటి అందుకున్నారు.

అంకుల్, సోమవారం నుంచి ఆ గదుల్లోకి మీరు లేకుండా వెళ్లాలి. నాకు భయంగా ఉంది. మానెయ్యమని అమ్మ ఫోన్‌లో ఒకటే పోరు. అందుకే మీరు నేర్పినట్టే, ఈ సభలోనే అడుగుతున్నాను. స్కూజి, ఆవ్రెయ్ బిజోన్యో ది ఉన్ కొన్సీల్యో. వెళ్లనా, మాననా?

అంకుల్ నావైపు చూడటం లేదు. పక్క కుర్చీ వైపు తల వంచి వింటున్నారు... తల ఊపుతున్నారు.

"వెళ్లమంటున్నారమ్మా" అంటున్నారు.

సరే. వెళ్తాను.

ఓపికగా విన్న మీ అందరికీ కృతజ్ఞతలు. అంకుల్, మీకు గ్రాత్సియే.

(ఖాళీ కుర్చీ వైపు తిరిగి) మీకూ గ్రాత్సియే. ఇక సెలవు.