నేను పెట్టిన పసుపు తీగ

హలో… ఆ, నేనే అప్పా, పెంచలయ్యని. చిత్తూరు నుంచి… ఆసుపత్రి ఆఫీసులో ఫోను. ట్రంకు కాల్ బుక్ చేసి రెండు గంటలైంది, ఇప్పుడు కలిపినారు.

జయరావేనా? … అమ్మయ్య, నువ్వే దొరికినావు. కంట్రోల్ రూములోనే ఉండావా? …

నాయనా? … అట్లే ఉండాడు. కుడి పక్క పడిపోయింది, మాట లేదు… అది తర్వాత చెప్తాలే. ముందు ఇది చెప్పు. రిపేర్లు అయిపోయినాయా? రియాక్టరు స్టార్ట్ చేసేసినారా? …

మూడు గంటలకా! … అయితే ఇంకా గంటన్నర ఉండాది. జయరావూ, ఆపించు. … తమాషా కాదప్పా. ఆపించు!

విను. మంగళవారం పొద్దన నేను ప్యానెళ్ల వెనక టెస్టు చేస్తా ఉంటి కదా. రియాక్టరుని ఆపే మూడు ట్రిప్ చానళ్లలో ఒకదానికి అడ్డంగా తీగ పెట్టినాను, టెస్టు అయ్యేదాకా అది నోరెత్తకుండా. అప్పుడే కదా టెలిగ్రాం వచ్చింది, నాయనకి సీరియస్ అని… ఆ, నువ్వే తెచ్చిచ్చినావు. చేతిలో ఉండే చీటీ జేబులో కుక్కుకోని పరిగెత్తినాను.

… ఆ. ఆ చీటీనే. తీగకి కట్టాల్సింది. రిజిస్టర్లో కూడా రాయలా.

తీగా? … తీయలా. ఆడనే ఉండాది.

తిట్టు. ఎంత తిడతావో తిట్టు. నాలుగు దినాలు నాకు ఆ ధ్యాసే లేదు. ఈ పొద్దు మా అమ్మ కొళాయి దగ్గర చొక్కా ఉతికింది. "జేబులో ఏందో కాగితం ముద్దయి పోయిందిరా" అని తెచ్చి చూపించింది… అప్పుడు గుర్తొచ్చింది.

చీటీలో ప్యానెల్ నంబరు యాడుంటాదప్పా? సిరా అంతా సబ్బునీళ్లలో పోయింది. బి ప్యానెలో, సి ప్యానెలో… సత్తెంగా గుర్తుకు రావడంలా. కళ్లు మూసుకుంటే ఆ టెలిగ్రామే కనపడతా ఉండాది.

ఏందీ? … మిగతా రెండూ పని చేస్తాయి కదా అంటావా? ఎవురికి చెప్తా ఉండావు జయరావూ! మూడిట్లో రెండు ఒకే మాట చెప్తేనే కదా రియాక్టరు తనంతట తాను ఆగేది. ఉండే రెండిట్లో ఒకటి చెడిపోతే? …

సోమవారం నా లైసెన్సు ఇంటర్వ్యూ అని నాకు తెలీదా? మా ఊరు ఐరాలలో మా నాయన వీధి వీధి చెప్పుకున్నాడు, "మావోడు కరెంటు పుట్టించే మిషను నడపబోతా ఉండాడు" అని. … తెలుసప్పా. …

నువ్వే పోయి తీసేస్తావా? … ఎవురికీ చెప్పకుండానా? …

…

సరే… ముందు పోయి చూడు. లైను పట్టుకోనే ఉంటా. పరిగెత్తు!

… సంతోషమ్మ సిస్టరూ, రెండు నిమిషాలు తల్లీ. ఫోను ఇప్పుడే ఇచ్చేస్తా. … మా నాయనకి పాలు పోసినారా? … మింగినాడా? … సగం కారిపోయినాయా. … వస్తా, వస్తా ఉండానని చెప్పు…

ఆ, జయరావూ! … దొరికిందా? బి ప్యానెల్లోనా? … తీసేసినావా! దేవుడు నీ రూపంలో…

ఉండు. ఏమన్నావు? ఎర్ర తీగా?

నేను పెట్టింది పసుపుది.

… కాదప్పా, కాణిపాకంలో ప్రమాణం చెయ్యమన్నా చేస్తా. ఎర్రవి అయిపోయినాయంటే స్టోర్లో శాంతయ్య దగ్గర పసుపుది అడిగి తెచ్చుకున్నాను. "పసుపు తాడు తీసుకోని పోతా ఉండావే, పెండ్లెప్పుడప్పా?" అని నవ్వినాడు కూడా.

నువ్వు తీసింది నాది కాదు జయరావూ. … దానికి చీటీ ఉండిందా? … లేదా?

అంటే నాలాంటోడు ఇంకొకడు ఉండాడు.

అర్థమైతా ఉందా నీకు? ఈ ఫోను లేకుంటే మూడు గంటలకి రియాక్టరు లేసే పాటికి, మూడిట్లో రెండు మూగవి అయ్యుండేవి. ఏదైనా అయితే ఆపమని అరిచేది ఒక్కటే. ఒక్కదాని మాట అది వినదు!

… వద్దు. నాది వెతకొద్దు. ఇంక దేని మీదా చెయ్యి పెట్టొద్దు! ఎవురివో, ఇంకెన్ని ఉండాయో. … ఫోను సుబ్రమణ్యం సారుకి ఇయ్యి. … ఆ, షిఫ్టు ఇన్‌చార్జికే! … ఎర్ర తీగ సంగతి నువ్వు చెప్పు. నాది నేను చెప్తా. … పోతే నా లైసెన్సు పోతాది. ఇంకో ట్రంకు కాల్ దొరికే లోపల మూడు దాటిపోతాది. నీకు దండం పెడతా… ఇయ్యప్పా!

…

నమస్తే సార్. పెంచలయ్యని. … సార్, మూడు గంటలకి స్టార్ట్ చెయ్యొద్దండి. ట్రిప్ చానల్ మీద నేను తీగ పెట్టి మరిచిపోయినాను. చీటీ కట్టలేదు. రాయలేదు. ఏ ప్యానెలో కూడా సరిగా చెప్పలేను. … ఇంకొక తీగ బయటపడింది సార్. అది ఎవరిదో నాకు తెలీదు. జయరావు చెప్తాడు. …

అవును సార్, సోమవారమే. … రాయండి. నా పేరుతోనే రాయండి.

… ఆపినారా? … నిజంగా ఆపినారా సార్? …

…

ఆ రూలు తెలుసు సార్. పెట్టినోడే వచ్చి చూపించి, తీయాల. … ఈ పొద్దేనా? …

మద్రాసు బస్సు రెండున్నరకి ఉండాది. … రాత్రికి ప్లాంటుకి చేరుకుంటా సార్.

మా నాయనా? … ఈ పొద్దు గడిస్తే చూద్దాం అన్నాడు డాక్టరు. … లేదు సార్, వస్తా. నేను రాకుంటే ఎవరో ఒకరు తొందరపడి చెయ్యి పెడతారు.

మాట పడిపోయింది గానీ చెవులు వినబడతాయి సార్. ఆయనకి చెప్పేసి బయల్దేరతా.

… పెట్టేస్తా సార్.