ఖాళీ ట్యాంకు, తెగిన తీగ

(భోజనాల బల్ల దగ్గర అల్లుడు ల్యాప్‌టాప్‌తో, అత్తగారు బఠాణీలు ఒలుస్తూ.)

"మళ్లీ తిప్పికొట్టాడు అత్తయ్యగారూ! నాలుగోసారి!"

"ఎవరు బాబూ?"

"వాడే, నా కోడ్ సరిచూసే ఆ రివ్యూయర్. అందరూ ఉచితంగా వాడుకునే కోడ్ కదా, పోనీ నాలుగు లైన్లు బాగుచేద్దామని వెళ్తే... కామా తర్వాత ఖాళీ వదల్లేదని ఒక కామెంటు, బ్రాకెట్టు పక్కకి జరిగిందని ఇంకోటి. ముప్పై ఏడు కామెంట్లండీ!"

"అంత తప్పేం రాశారు?"

"తప్పా? నీళ్ల ట్యాంకుకి మీటరుంటుంది. అది చూపించే అంకె చదివి మోటారుకి చెప్పాలి. సి భాషలో ఇరవై లైన్లు. అంతే."

"మీటరు పాడైతే?"

"సున్నా అని చెబుతుంది."

"ట్యాంకు ఖాళీ అయితే?"

"అప్పుడూ... సున్నానే."

"మరి ఏది ఏదో మోటారుకెలా తెలుస్తుంది?"

"వాడూ అచ్చం ఇదే అడిగాడు!"

"అడగడూ మరి! మీటరు తీగ తెగితే, ట్యాంకు ఖాళీ అనుకుని మోటారు తోడుతూనే ఉంటుంది."

"ఈ రోజుల్లో మీటర్లు పాడవ్వవండీ."

"ఎవరన్నారు?"

"మీటర్లు అమ్మేవాళ్లు."

"ఊఁ."

"అది సరే, వాడి నోరు చూడండి. 'ఫైలు తెరిచి మూయకుండా వెళ్లిపోయారు. ఇంట్లో ఫ్రిజ్ తలుపు కూడా ఇలాగే వదిలేస్తారా?' అట. నేను ఫ్రిజ్ తలుపు వదిలేస్తానని వాడికెలా... అత్తయ్యగారూ."

"ఆఁ."

"మీరు మధ్యాహ్నాలు తలుపేసుకుని చదువుకుంటున్నది..."

"కోడే బాబూ."

"మీరా!"

"తప్పుగా అనుకోకండి. ఇంటల్లుణ్ణి మొహం మీద ఏమంటాం? అక్కడైతే నాకో మారుపేరుంది, ఇబ్బంది లేదు."

"నేను సొంత పేరుతోనే రాశానుగా! చూసి కూడా..."

"చూశాకే కాస్త మెత్తగా రాశాను."

"ఇది మెత్తనా! నా మీద ఏం కక్షండీ?"

"కక్ష కాదు. నీటి సరఫరాలో ముప్పై ఏళ్లు చేశానా, మా పంప్‌హౌస్‌కి ప్రోగ్రాము రాసింది నేనే. నేనూ సున్నానే పంపాను. ఒక ఆదివారం తీగ తెగింది. తెల్లారేసరికి ట్యాంకు పొంగి, కింద ఆస్పత్రి మందుల గదిలో మోకాలిలోతు నీళ్లు. అట్టపెట్టెలన్నీ తేలుతున్నాయి. ఆ నర్సమ్మ నన్నొక్క మాట అనలేదు బాబూ. చీపురు చేతికిచ్చింది."

"ఒక్క నిమిషం ఉండండి అత్తయ్యగారూ."

"ఏం టైపు చేస్తున్నారు?"

"మీటరు పలక్కపోతే మైనస్ ఒకటి. అది వస్తే మోటారు ఆగిపోవాలి."

"ఆగి?"

"గంట మోగాలి. ఫైలు కూడా మూశాను. చూడండి."

"బాగుంది. ఇప్పుడు బాగుంది."

"అయితే ఒక చిన్న ఇబ్బందండీ. పొద్దున్న ఒళ్లు మండి, ఆ రివ్యూయర్‌ని తీసెయ్యమని ఫిర్యాదు పెట్టాను."

"నా మీదా?"

"మీరని తెలీదుగా! అందులో ఒక వాక్యం... కొంచెం ఘాటుగా..."

"ఏమని?"

"'ఈ మనిషితో ఇంట్లోవాళ్లు ఎలా వేగుతున్నారో పాపం' అని."

"ఎవరికి పంపారు?"

"ఆ ప్రాజెక్టు మొదలుపెట్టినాయనకి. ఆయనా మారుపేరే. నేను మంచిమాటగా చెప్పుకుంటాలెండి, ఆయన ఎవరో మీకు తెలుసా?"

"ఆయన కాదు బాబూ, మీ ఆవిడ. లోపల గదిలో కూర్చుని ఆ వాక్యానికే జవాబు రాస్తోంది."